టవర్ ఆగితే ఫోను పరిగెడుతుంది

రంగం నగరంలో ఏ అర్ధరాత్రో కరెంటు వస్తే వీధి వీధంతా లేచి కూర్చుంటుంది. ఏదో బాల్కనీలోంచి "మీ లాబీ!" అని కేక వినిపిస్తుంది. బర్మా భాషలో "మీ" అంటే నిప్పు, దీపం, కరెంటు అన్నీ. "లాబీ" అంటే వచ్చేసింది. కోతల కాలంలో మన పిల్లలు "కరెంటొచ్చింది!" అని పెట్టిన కేకే ఇది, భాష ఒక్కటే వేరు. ఆ కేకతో నీళ్ల మోటార్లు మొదలవుతాయి, రైస్ కుక్కర్లు ఎక్కుతాయి, ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నిటికీ ఫోన్లు వేలాడతాయి. మళ్లీ కరెంటు పోతుంది. సాయంత్రానికి సగం ఇళ్లలో ఒకటే మాట: నూటికి నూరు ఎక్కించిన ఫోను, పెద్దగా వాడిందీ లేదు, అప్పుడే ఇరవైకి ఎలా దిగిపోయింది?

రంగం అంటే రంగూన్, నేటి యాంగోన్. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల ముసలివాళ్లు ఇప్పటికీ రంగమనే అంటారు. వాళ్ల తాతలు కాకినాడ, విశాఖ, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి అక్కడి ధాన్యం మిల్లుల్లో, ఓడరేవులో పనికి పోయారు. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లందరినీ అక్కడ కొరింగీలన్నారు. 1942లో జపాన్ బాంబులకు లక్షలాది భారతీయులు కాలినడకన వెనక్కి వచ్చినా, అక్కడే ఉండిపోయిన కుటుంబాలకు తెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. ఆ నగరంలో ఒక టౌన్‌షిప్పు మింగళ తౌంగ్‌న్యున్. సెంట్రల్ రైల్వే స్టేషను, ఆంగ్ సాన్ స్టేడియం, మింగళ బజారు, యుజనా ప్లాజా దాని పరిధిలోవే. ఉత్తరాన కందోజీ చెరువు, తూర్పున పజుందౌంగ్ పాయ. మధ్యలో లిఫ్టు లేని ఐదారు అంతస్తుల మేడలు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని. పై అంతస్తుల నుంచి వీధిలోకి తాళ్లు వేలాడుతుంటాయి. పేపరు, కూరలు, కరెంటు బిల్లు ఆ తాడుకు తగిలిస్తే పైకి లాక్కుంటారు, మెట్లెక్కే పని లేకుండా. ఫోను బ్యాటరీ ఎందుకు నిలవదో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రయోగశాల దొరకదు. వేరే చోట్ల ఒక్కొక్కటిగా వచ్చే కారణాలన్నీ ఇక్కడ ఒకే వాటాలో కాపురముంటాయి.

రిపేరు షాపుకు వెళ్తే మొదటి తీర్పు ఎక్కడైనా ఒకటే: బ్యాటరీ పోయింది, మార్చాలి. కొన్నిసార్లు నిజమే. కానీ నీళ్ల ట్యాంకు ఖాళీ అవుతోందంటే ముందు చూడాల్సింది ట్యాంకు పగిలిందా అని కాదు, ఏ కుళాయి తెరిచి ఉందని. ఈ టౌన్‌షిప్పులో తెరిచి ఉన్న కుళాయిల్లో అన్నిటికన్నా పెద్దది ఫోనులో లేదు. రెండు వీధుల అవతల ఒక మేడ మీద ఉంది.

అదే సెల్ టవర్.

ఫోను వినడమే కాదు, మాట్లాడుతుంది కూడా. టవర్ దగ్గరుంటే గుసగుసగా మాట్లాడితే చాలు, దూరమైతే గొంతు చించుకోవాలి. ఎంత గట్టిగా మాట్లాడాలో టవరే క్షణక్షణం ఆజ్ఞ ఇస్తుంటుంది. 4జీ ఫోను అత్యధికంగా 200 మిల్లీవాట్ల శక్తితో ప్రసారం చేయగలదు. టవర్ పక్కనుంటే అందులో వెయ్యో వంతు కన్నా తక్కువతోనూ పని జరిగిపోతుంది. పాత 2జీ పద్ధతిలో ఈ గరిష్ఠం 2 వాట్లు, కాకపోతే అది ఎనిమిదింట ఒక వంతు సమయమే పలికేది. ఆరుబయట దూరం రెట్టింపైతే నాలుగింతల శక్తి కావాలి. గోడల మధ్య, మేడల సందుల్లో అది పదింతలు దాటవచ్చు. ఇక్కడి వాటాలు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడుగ్గా ఉంటాయి. ముందు బాల్కనీలో నాలుగు గీతలు చూపించిన ఫోను వెనక వంటగదిలో ఒక్క గీతకు దిగుతుంది. ఒకే ఇంట్లో ఒకే ఫోను, ఇరవై అడుగుల తేడాలో రెండు రకాల బ్యాటరీలున్నట్టు ప్రవర్తిస్తుంది.

దీనికి తోడు కరెంటు కోత. 2022 నుంచి యాంగోన్‌లో వంతులవారీ కోతలు మామూలయ్యాయి. నాలుగు గంటలు ఉండి నాలుగు గంటలు పోయే రోజులు వచ్చాయి, తర్వాత అంతకన్నా చెడ్డ రోజులూ వచ్చాయి. వీధిలో కరెంటు పోతే టవర్‌కూ పోతుంది. దానికి సొంత బ్యాటరీలుంటాయి, కొన్నిటికి డీజిల్ జనరేటరుంటుంది. కానీ టవర్ బ్యాటరీ నిండాలన్నా మధ్యలో తగినంత సేపు కరెంటు ఉండాలి కదా! కోత పొడవైతే, డీజిల్ కరువైతే టవర్ మూగబోతుంది. దాని మీద ఆధారపడిన వందల ఫోన్లు పక్క టవర్ వైపు తిరుగుతాయి. అది దూరం, పైగా అప్పటికే కిక్కిరిసి ఉంటుంది. ప్రతి ఫోనూ గొంతు పెంచుతుంది. ఏ టవరూ అందకపోతే ఇంకా కష్టం. తనకు తెలిసిన పౌనఃపున్యాలన్నీ ఒక్కొక్కటే జల్లెడ పడుతూ, కాసేపు ఆగి, మళ్లీ మొదలుపెడుతుంది. బల్ల మీద నల్లటి తెరతో నిద్రపోతున్నట్టు కనిపించే ఫోను నిజానికి ఊరంతా తిరుగుతుంటుంది. కోత వేళ ఛార్జింగ్ వేగంగా దిగుతోందనేది వట్టి అనుమానం కాదు. ఇంట్లో కరెంటు లేనప్పుడే ఫోను ఖర్చు పెరుగుతుంది, ఆ రెండిటికీ కారణం ఒకటే తీగ.

రెండు సిమ్ములుంటే రెండు వెతుకులాటలు. ఇక్కడ రెండు సిమ్ములు సోకు కాదు, అలవాటు. ఒక నెట్‌వర్క్ పడిపోతే రెండోదైనా దొరుకుతుందని ఆశ.

ఈ అలవాటు వయసు పట్టుమని పదిహేనేళ్లు లేదు. 2000 దశకంలో మయన్మార్‌లో ఒక సిమ్ కార్డు 2 వేల డాలర్ల దాకా పలికింది. 2013 జూన్‌లో నార్వే కంపెనీ టెలినార్‌కు, కతార్ కంపెనీ ఊరిడూకు లైసెన్సులు దక్కాయి. 2014లో రెండూ సేవలు మొదలుపెట్టాక అదే సిమ్ 1,500 చాట్‌లకు, అంటే ఆనాటి లెక్కన డాలరున్నరకు, కిళ్లీ కొట్టులో దొరికింది. ల్యాండ్‌లైనూ కంప్యూటరూ ఎరగని ఇళ్లు నేరుగా స్మార్ట్‌ఫోను పట్టుకున్నాయి. ఆ ఏడాది జనగణన ప్రకారం కరెంటు దీపం ఉన్న ఇళ్లు దేశంలో దాదాపు మూడో వంతే. పల్లెల్లో కారు బ్యాటరీని సైకిలు మీద ఛార్జింగ్ కొట్టుకు తీసుకెళ్లి నింపించుకుని, దానితో ఒక బల్బూ టీవీ నడుపుకునేవారు. బ్యాటరీని పొదుపుగా వాడటం ఈ దేశానికి ఫోను నేర్పిన విద్య కాదన్నమాట.

తర్వాతి కుళాయి రాజకీయాల నుంచి వచ్చింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. 4వ తేదీన ఫేస్‌బుక్‌ను ఆపించింది. ఫేస్‌బుక్కే ఇంటర్నెట్టనుకునే దేశంలో జనం రాత్రికి రాత్రి వీపీఎన్‌లు దించుకున్నారు. వీపీఎన్ అంటే ఫోనుకూ వేరే దేశంలోని సర్వరుకూ మధ్య తాళం వేసిన సొరంగం. ఆ సొరంగం కూలకుండా ఉండాలంటే వాడినా వాడకపోయినా మధ్యమధ్య "ఉన్నాను, ఉన్నాను" అని చిన్న కబురు పంపుతుండాలి. వైర్‌గార్డ్ అనే పద్ధతిలో ఇందుకు సాధారణంగా సూచించే వ్యవధి 25 సెకన్లు. కబురు చిన్నదే, చిక్కంతా దాని తర్వాతే. 4జీలో ఒక్క ముక్క డేటా పంపాక రేడియో వెంటనే నిద్రపోదు. ఇంకేమైనా వస్తుందేమోనని సుమారు 10 సెకన్లు మేలుకునే ఉంటుంది. 25 సెకన్లకొకసారి లేపి, లేపినప్పుడల్లా 10 సెకన్లు కూర్చోబెడితే రేడియో రోజులో 40 శాతం సమయం జాగారమే. రోజుకు 3,456 సార్లు నిద్రలేపడం! పాలు తాగే పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లి పరిస్థితి అది.

2024 మే చివర ప్రభుత్వం వీపీఎన్‌లనే అడ్డుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఒకటి పనిచేయకపోతే మరొకటి ఉంటుందని మూడు నాలుగు పెట్టుకోవడం సాధారణమైంది. కలిసిన వీపీఎన్ కన్నా కలవని వీపీఎన్ ఎక్కువ తాగుతుంది. తలుపు తెరుచుకునేదాకా కొడుతూనే ఉంటుంది కాబట్టి.

మరి ఏ ఫోనులో ఏ కుళాయి తెరిచి ఉందో కనిపెట్టేదెలా? సెట్టింగుల్లో బ్యాటరీ వాడకం పట్టిక ఉంటుంది, చూడాల్సిందే. అయితే అందులో యాప్‌ల పేర్లే పెద్దగా కనిపిస్తాయి, టవర్ వెతుకులాట ఎక్కడో అడుగున "మొబైల్ నెట్‌వర్క్" అన్న పొడి మాటగా ఉంటుంది. ఒక్కోసారి అసలుండదు. అందుకని మూడు రాత్రుల పరీక్ష మేలు. మొదటి రాత్రి పడుకునేటప్పుడు శాతం రాసుకుని, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, పొద్దున మళ్లీ చూడాలి. రెండు మూడు శాతం మించి దిగకపోతే బ్యాటరీ తనంతట తాను కారిపోవడం లేదు, లోపల నిద్రపట్టని యాప్ కూడా ఏదీ లేదు. రెండో రాత్రి నెట్‌వర్క్ ఉంచి, వీపీఎన్ తీసేయాలి. ఇప్పుడు పన్నెండో పదిహేనో దిగితే తేడా అంతా టవర్‌దే, ఆ నెట్‌వర్క్ మోసుకొచ్చే సందేశాలదే. మూడో రాత్రి వీపీఎన్ కూడా ఉంచాలి. మూడు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరి వాటా ఎంతో తేలిపోతుంది. ఖర్చు లేదు, పనిముట్టు లేదు. ఒక నియమం మాత్రం ఉంది: మూడు రాత్రులూ ఫోను ఒకే గదిలో, ఒకే చోట ఉండాలి. వంటగదిలో ఒక రాత్రి, బాల్కనీ పక్కన ఒక రాత్రి పెడితే లెక్క చెడుతుంది.

టవర్ దొంగ అని తేలితే మందు చవకే. కోత మొదలై నెట్‌వర్క్ గీతలు పోయాయంటే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లోకి మార్చేయాలి. గంటకొకసారి తీసి చూసుకోవచ్చు. రెండో సిమ్‌ను అవసరం లేనప్పుడు ఆపేయాలి. ఫోను వీధి వైపు కిటికీ దగ్గర ఉంచాలి. వాడేసిన యాప్‌లను వేలితో తోసేసి "క్లీన్" చేసే అలవాటు చాలామందికి ఉంది. అది పనికిరాదు సరికదా, తోసేసిన యాప్‌ను మళ్లీ మొదటినుంచి తెరవడానికి ఇంకొంత ఖర్చవుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచే కదలకుండా పడి ఉన్న ఫోనులో యాప్‌లను ఒక పట్టు పట్టి నిద్రపుచ్చే ఏర్పాటు ఉంది. నల్ల తెర పెడితే ఛార్జింగ్ మిగులుతుందన్న మాటలో నిజముంది గానీ అది వెలుతురును బట్టి ఉంటుంది. ఓఎల్‌ఈడీ తెరల మీద అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో కొలిచి చూశారు. వెలుతురు పూర్తిగా పెంచి ఉంటే పొదుపు 39 నుంచి 47 శాతం. ఇంట్లో మామూలుగా వాడే 30 నుంచి 50 శాతం వెలుతురులో అది 3 నుంచి 9 శాతమే. కరెంటు పోయిన చీకటి గదిలో నల్ల తెర ఒరగబెట్టేది తక్కువ. ఏప్రిల్ ఎండలో వీధిలో నిలబడ్డప్పుడు మాత్రం పనికొస్తుంది.

ఏప్రిల్ అనగానే బ్యాటరీ అసలు శత్రువు గుర్తొస్తుంది. 2024 ఏప్రిల్ 28న మాగ్వే ప్రాంతంలోని చౌక్‌లో 48.2 డిగ్రీలు నమోదయ్యాయి, దేశ చరిత్రలోనే రికార్డు. యాంగోన్‌లోనూ ఆ రోజు 40 తాకింది. సరిగ్గా ఆ నెలలోనే తింజాన్, బర్మా కొత్త సంవత్సరపు నీళ్ల పండగ. వీధిలో ఎవరు కనిపిస్తే వాళ్ల మీద నీళ్లు కుమ్మరిస్తారు. ఫోను తడవకుండా అందరూ దాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెడకు తగిలించుకుంటారు. నీళ్ల నుంచి రక్షణ బాగానే ఉంది. కానీ ఎండ, వీడియో తీసే కెమెరా, పూర్తి వెలుతురులో తెర, జనం కిక్కిరిసిన నెట్‌వర్క్, వీటన్నిటి వేడీ గాలాడని సంచిలో ఇరుక్కుపోతుంది. మనిషి చల్లగా తడుస్తుంటాడు, ఫోను ఉడుకుతుంటుంది.

ఆ ఉడుకు లోపల ఏం చేస్తుంది? లిథియం అయాన్ బ్యాటరీలో ఒక వైపు గ్రాఫైటు, ఇంకో వైపు కోబాల్ట్ వంటి లోహాల ఆక్సైడు, మధ్యలో మండే గుణమున్న ద్రవం. ఛార్జింగ్ ఎక్కేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల మధ్యకు వెళ్లి కూర్చుంటాయి, వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. ఈ బ్యాటరీకి విటింగ్‌హామ్ అనే శాస్త్రవేత్త 1970లలో బీజం వేస్తే, గుడ్‌ఇనఫ్ 1980లో కోబాల్ట్ ఆక్సైడు తెచ్చాడు, యోషినో 1985లో సురక్షితమైన రూపం ఇచ్చాడు. 1991లో సోనీ అమ్మకానికి పెట్టింది. ఆ ముగ్గురు శాస్త్రవేత్తలకూ 2019లో నోబెల్ వచ్చింది, అప్పటికి గుడ్‌ఇనఫ్‌కు 97 ఏళ్లు. గ్రాఫైటు మీద మొదటి ఛార్జింగ్‌లోనే పల్చటి పొర ఒకటి కడుతుంది. పాల మీద మీగడ లాంటిది. అది ఉండాలి, అదే లోపలి ద్రవాన్ని కాపాడుతుంది. కానీ వేడి తగిలేకొద్దీ మీగడ మందమవుతుంది, ప్రతిసారీ కొంత లిథియాన్ని తనలో కలిపేసుకుంటుంది. ఆ లిథియం మళ్లీ పనికి రాదు.

ఎంత పోతుందో చెప్పడానికి బ్యాటరీ నిపుణులు తరచూ చూపే లెక్క ఒకటుంది. 40 శాతం ఛార్జింగ్‌తో 25 డిగ్రీల దగ్గర ఏడాదిపాటు ఊరకే ఉంచిన బ్యాటరీకి 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. పూర్తి ఛార్జింగ్‌తో అదే వేడిలో ఉంచితే 80. పూర్తి ఛార్జింగ్, 40 డిగ్రీల వేడి రెండూ కలిస్తే 65. అంటే వేడి ఒకటే కాదు, నూటికి నూరు నింపి ఉంచడమూ హానే. ఇక్కడే కోతల ఊరికి విచిత్రమైన చిక్కు. కరెంటు ఎప్పుడు పోతుందోనన్న భయంతో జనం ఫోనును ఎప్పుడూ వంద దగ్గరే పట్టి ఉంచుతారు, ఇన్వర్టర్‌కు గుచ్చి వదిలేస్తారు. కోత భయమే బ్యాటరీని ముసలిదాన్ని చేస్తుంది. పుస్తకాలు ఎనభై దగ్గర ఆపమంటాయి. ఎనిమిది గంటల చీకటి ముందున్న మనిషికి ఆ సలహా ఇవ్వడం సబబు కాదు. రెండేళ్ల తర్వాతి ఐదు శాతం కన్నా ఈ రాత్రి ఇరవై శాతం విలువైనది. కోత సమయాలు ముందే తెలిసిన రోజున మాత్రం పోయే గంటకు కాస్త ముందు వందకు చేరేలా పెట్టుకుంటే రెండూ దక్కుతాయి. దఫదఫాలుగా ఎక్కించడం వల్ల నష్టమేమీ లేదు. పూర్తిగా దిగాకే ఎక్కించాలన్నది పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటి మాట.

బ్యాటరీ నిజంగానే ముసలిదైతే దాని లక్షణం వేరు. మెల్లగా దిగిపోవడం కాదు, ముప్పై శాతం చూపిస్తూ చూపిస్తూ కెమెరా ఫ్లాష్ వెలగగానే ఆరిపోవడం. వయసుతో లోపలి నిరోధం పెరుగుతుంది. ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే వోల్టేజి కుప్పకూలుతుంది, ఫోను భయపడి ఆగిపోతుంది. ఐఫోన్ 6, 6ఎస్‌లు ఇలాగే ఆగుతుంటే ఆపిల్ 2017 జనవరిలో ఒక అప్‌డేట్‌తో, ముసలి బ్యాటరీ ఉన్న ఫోన్ల వేగాన్ని తగ్గించింది. ఎందుకు తగ్గిందో చాలామందికి తెలియదు. డిసెంబరులో ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి దించింది. అప్పటిదాకా ఎందరు కొత్త ఫోన్లే కొనుక్కున్నారో!

మార్చాల్సి వస్తే నకిలీల బెడద ఉంటుంది. పైన 6,000 మిల్లీ ఆంపియర్ అవర్లని అచ్చేసి ఉంటుంది, లోపల సగం కూడా ఉండదు. దీన్ని పట్టుకునే పరికరం కిరాణా కొట్లోనే ఉంది: త్రాసు. ఫోను బ్యాటరీల్లో కిలో బరువుకు సుమారు 250 వాట్ అవర్ల శక్తి పడుతుంది. 5,000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీలో దాదాపు 19 వాట్ అవర్లుంటాయి కనుక అది 75 గ్రాములకు అటూఇటూగా తూగాలి. నలభై గ్రాములే తూగితే అట్ట మీది అంకె అబద్ధం. ఇక వెనక మూత కాస్త లేచినట్టున్నా, బల్ల మీద పెట్టి తిప్పితే ఫోను గిరగిర తిరుగుతున్నా బ్యాటరీ ఉబ్బింది. లోపల గ్యాసు చేరిందన్నమాట. దాన్ని నొక్కకూడదు, సూదితో గుచ్చకూడదు, ఇంకొక్క రాత్రి చూద్దామని ఛార్జింగ్ పెట్టకూడదు.

పవర్ బ్యాంకు మీద రాసిన అంకె అబద్ధం కాదు, కానీ పూర్తి నిజమూ కాదు. 10,000 అన్నది లోపలి 3.7 వోల్టుల దగ్గర లెక్క, అంటే 37 వాట్ అవర్లు. దాన్ని 5 వోల్టులకు పెంచడంలో, కేబులులో, ఫోను లోపల వేడిగా పోయింది పోగా 5,000 బ్యాటరీని ఒకటిన్నర సార్లు నింపగలదు, రెండు సార్లు కాదు. వచ్చిన కరెంటు నాలుగు గంటలే అయినప్పుడు వరస కూడా ముఖ్యం. 10 వాట్లు తీసుకునే పవర్ బ్యాంకు ఖాళీ నుంచి నిండటానికి నాలుగు గంటల పైచిలుకు పడుతుంది, ఈ కాలపు ఫోనుకు గంటన్నర చాలు. "మీ లాబీ" వినగానే అందరి చేయీ ముందు ఫోను మీదికి పోతుంది. ముందు గుచ్చాల్సింది పవర్ బ్యాంకు. ఫోను సంగతి నీళ్ల ట్యాంకు నిండి, కుక్కర్ దించాక చూసుకోవచ్చు.